చక్కెర పలక



2025వ సంవత్సరము మే మాసమున కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అనగా వాడుకలో సీ.బీ.ఎస్.ఈ. అనునది, తన పాఠశాలలకు ఒక ఉత్తరువు పంపినది. ప్రతి బడిలోను పిల్లల కంటబడు చోట ఒక పలక కట్టవలయుననియు, ఏ తినుబండారములో ఏ పానీయములో ఎంత చక్కెర యున్నదో దానిపై తెలుపవలయుననియు దాని సారాంశము. దీనికి షుగర్ బోర్డు అని పేరు. మేము చక్కెర పలక యని పిలుచుచున్నాము. నాలుగు మొదలు పదేండ్ల లోపు పిల్లలు దినమునకు తిను ఆహారపు శక్తిలో నూటికి 13 పాళ్లును, పదునొకండు మొదలు పదునెనిమిదేండ్ల వారికి 15 పాళ్లును చక్కెర వలననే వచ్చుచున్నదని ఆ ఉత్తరువులోనే చెప్పబడినది. ఉండదగినది 5 పాళ్లు మాత్రమే.

ఐదు పాళ్లనగా నెంత? దినమునకు 1,600 కిలోకాలరీలు తిను పిల్లవాని లెక్క చూతము. అందులో ఐదు పాళ్లు 80 కిలోకాలరీలు. గ్రాము చక్కెరకు నాలుగు చొప్పున 20 గ్రాములు. మన చిన్న చెంచాతో ఐదు చెంచాలు. అంగడిలో దొరకు 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర యుండును. అనగా ఒక్క సీసాతో నాటి వంతును మించి, మరునాటి వంతులో సగము కూడ ముగిసినట్లే. చక్కెర యనిన తెల్ల చక్కెర మాత్రమే యని కొందరు తలంతురు. బెల్లమును తేనెయు పిండి తీసిన పండ్లరసమును ఈ లెక్కలోనివే. పండును పండుగా కొరికి తిన్న మాత్రము ఈ లెక్కలోనికి రాదు. దానిలోని పీచు చక్కెరను మెల్లగా విడుచును, కడుపును నింపును.

పాలలో కలుపు పొడుల మాటయు ఇచటనే చెప్పవలయును. ఎత్తు పెరుగుదురనియు బుద్ధి వికసించుననియు ప్రకటనలు చూచి మనము కొను డబ్బాలలో చాలవాటియందు చక్కెర హెచ్చుపాలు. 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్యశాఖవారు ఇట్టి పొడులను “ఆరోగ్య పానీయములు” అను శీర్షిక క్రింద చూపరాదని అంతర్జాలమున సరకు లమ్మువారికి తెలిపిరి. డబ్బాపై చిన్న యక్షరములలో నుండు పట్టికను చదువుట కష్టమే. అయినను చీర కొనునపుడు అంచును వెలుతురులో త్రిప్పి త్రిప్పి చూచు మనము ఈ పట్టికకు అరనిమిష మీయలేమా?

ఇంతకును ఈ గొడవ మనకేల యని ఒక సోదరి మమ్ము ప్రశ్నించినారు. “బొద్దుగా ఉంటే తప్పేమిటమ్మా? మా అత్తగారైతే ఇంకో ముద్ద పెట్టమంటారు” అని వారి మాట. అత్తగారి మాట నిరాధారము కాదు. కరవులు, కలరాలు చూచిన తరములవారికి బిడ్డ ఒంటిమీది కండ ఆపద్ధనము వంటిది. పది దినముల జ్వరమునకు నిలువవలయుననిన ఒంట ఏమైన నుండవలయును. ఆ భయమే ప్రేమయై, ఆ ప్రేమయే ముద్దయై మన తరమువరకు వచ్చినది. కాని కాలము మారినది. ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము 2022లో ఐదు మొదలు పందొమ్మిదేండ్ల వారిలో 39 కోట్లమందికి పైగా మితిమించిన బరువు కలవారు. వారిలో 16 కోట్లు స్థూలకాయులు. 1990లో ఈ యీడువారిలో మితిమించిన బరువు కలవారు నూటికి ఎనమండుగురు కాగా 2022 నాటికి ఇరువది మందియైరి.

మన దేశపు సంగతి ఇంకను చిక్కైనది. 2016 మొదలు 2018 వరకు దేశమంతట జరిగిన సమగ్ర పోషణ పరిశీలనలో ఐదు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలలో నూటికి 23 మంది తగిన బరువు లేక చిక్కియున్నారనియు, నలుగురు మాత్రము బరువు మించియున్నారనియు తేలినది. ఇది చూచి, నలుగురి కొరకు ఇంత హడావుడి యేల, ముందు ఇరువదిముగ్గురికి అన్నము పెట్టుడని యనువారు కలరు. వారి కోపము న్యాయమైనదే. అయితే ఈ రెండు జబ్బులును రెండు వేరు లోకములలో లేవు. ఒకే వీధిలో, ఒక్కొకచో ఒకే యింటిలో, చిక్కిన తల్లియు బొద్దు బిడ్డయు నున్నారు. పప్పు, కూర, గ్రుడ్డు, పెరుగు, పండు గల పళ్లెము ఇరువురికిని పథ్యమే; రంగు పొట్లములలోని వేపుడు పదార్థములు ఇరువురికిని అపథ్యమే. పైగా మన దేశపు శిశువులు తక్కువ బరువుతో పుట్టినను, పాశ్చాత్య శిశువులతో పోల్చగా వారి ఒంట కండ తక్కువ, కొవ్వుపాలు ఎక్కువ యని పూనానగరపు వైద్యులు చూపిరి. కనుక మన పిల్లవాడు చూపునకు సన్నగా నున్నను పొట్టచుట్టు కొవ్వు చేరుట కలదు. ఒకప్పుడు నలువదేండ్లకు వచ్చు మధుమేహము, రక్తపు పోటు, కాలేయమున కొవ్వు ఇప్పుడు బడియీడు వారికిని వచ్చుచున్నవి.

మన పూర్వులు దీనిని గమనింపక పోలేదు. చరకసంహిత సూత్రస్థానమున అష్టౌనిందితీయమను అధ్యాయము కలదు. అందు అతిస్థూలుడును అతికృశుడును ఒకేచోట చెప్పబడిరి. ఇరువురిలో స్థూలునకు చికిత్స కష్టమని ఆచార్యుని మతము. ఏలయన, కృశునకు పెట్టిన చాలును. స్థూలునకు పెట్టినను చిక్కే, పెట్టకున్నను చిక్కే. ఆకలి తీర్చునది, అయినను ఒంటిని పెంచనిది వెదకి పెట్టవలయును. నేటి వైద్యులు పీచుగల కూరలు, చిరుధాన్యములు, గుగ్గిళ్లు తినుడని చెప్పుట ఈ వెదకులాటయే యని మాకు తోచుచున్నది.

ఇక బడుల సంగతి. ఈ విషయమున జపానువారిని చూచి నేర్వదగినది చాల కలదు. అచట బడి భోజనమునకు 1954లోనే చట్టము చేసిరి. మధ్యాహ్నము గంట కొట్టగానే పిల్లలే తెల్లని టోపీలు, అంగీలు తొడిగికొని వంతుల ప్రకారము వడ్డింతురు. ఉపాధ్యాయుడును వారితో తరగతిలోనే కూర్చుండి ఆ భోజనమే తినును. ఎవరి డబ్బా వారిది కాదు. అందరికిని ఒకే వంట. 2005లో ఆహారవిద్యకై మరియొక చట్టము చేసి, పోషణశాస్త్రము చదివిన ఉపాధ్యాయులను బడులలో నియమించుట మొదలిడిరి. ముల్లంగి యే నేలలో పండును, చేప యెచటినుండి వచ్చినది, నేటి పులుసులో నేమున్నవి యను సంగతులు అచట పాఠములే. ధనవంతుల బిడ్డ, కూలివాని బిడ్డ ఒకే కూర తినుటచేత కూరను ఏవగించుకొను అలవాటు కూడ తగ్గును. మన యింటిలో కాకరకాయ ముట్టని పిల్లవాడు స్నేహితుని యింట మారు మాటాడక తినుట మనము చూచుట లేదా?

మనకును ఇట్టి సంప్రదాయము కొత్త కాదు. 1920లో మద్రాసు నగరసభవారు థౌజెండ్ లైట్సు ప్రాంతపు బడిలో పిల్లకొక అణాకు మించని ఖర్చుతో ఫలహారము పెట్ట నిశ్చయించిరి. అప్పటి నగరసభాధ్యక్షుడు మన తెలుగువాడైన పిట్టి త్యాగరాయ సెట్టిగారు. ఆంధ్రప్రదేశములో 2024లో బడి భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. గోదావరి లంకలలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతము అన్నము పెట్టిన ఆ తల్లి పేరు అన్నపు పళ్లెమునకు తగినదే. కేంద్రపు నియమముల ప్రకారము ప్రాథమిక తరగతుల బిడ్డకు పూటకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అన్నియు కలిసి 450 కిలోకాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశపు బడులలో రాగిజావ యిచ్చుటయు మొదలిడిరి. వంట యెట్లున్నదను మాట ఊరికొక విధము. దానిపై పోట్లాడవలసిన చోట పోట్లాడవలసినదే. కాని ఒక విచిత్రము చూడుడు. ఫీజులేని బడిలో చదువు బిడ్డ పప్పన్నము, గ్రుడ్డు తినుచుండగా, వేలు లక్షలు గట్టి చదివించుకొను బిడ్డ డబ్బాలో రెండు రొట్టెముక్కల నడుమ జాము, ప్రక్కన బిస్కట్టులు, పొట్లపు చిప్సు. ఎవరి బిడ్డ మంచి భోజనము చేయుచున్నాడు?

మరియొక దేశపు కథ చెప్పెదము. ఇది అనుకరింపదగినది కాదు. సింగపూరులో 1992లో పిల్లల బరువు తగ్గించుటకై గొప్ప ప్రణాళిక నొకదానిని బడులలో పెట్టిరి. బరువు మించిన పిల్లలను వేరు చేసి, తక్కిన పిల్లలు ఆడుకొను విరామ సమయమున వారిచేత అదనపు వ్యాయామము చేయించిరి. ట్రిమ్ అండ్ ఫిట్ అను దాని పేరులోని మొదటి యక్షరములు కలిపిన టాఫ్ అగును; ఆంగ్లాక్షరములను వెనుకనుండి చదివిన ఫ్యాట్, అనగా కొవ్వు, అగును. పిల్లలకు ఇది కనిపెట్టుటకు ఎంతసేపు పట్టును? లెక్కలలో బరువు మించినవారి సంఖ్య తగ్గినదనుట నిజమే. కాని ఆ గుంపులో నిలువబడిన పిల్లలు పడిన ఎగతాళి, సిగ్గు ఏ లెక్కలోను చేరలేదు. 2007లో ఆ ప్రణాళికను విడిచి, పిల్లలందరికిని చెందు వేరొక పద్ధతి నవలంబించిరి.

వినాయకచవితినాడు మన యింటింట చదువుకొను కథ యందరికిని తెలిసినదే. ఉండ్రాళ్లు, కుడుములు కడుపునిండ నారగించిన బాలుడు తలిదండ్రులకు మ్రొక్కబోయి, వంగలేక అవస్థ పడుచుండగా చంద్రుడు చూచి నవ్వెను. అక్షతలు చేతబట్టుకొని ఏటేట ఈ కథ వినుచున్నాము గాని, తల్లి శపించినది పొట్టగల బిడ్డను కాదు, నవ్వినవానిని అను మాట మనలో నెందరికి తట్టినది? బిడ్డను “గుమ్మడికాయ” యనియు “బస్తా” యనియు పిలుచుట, పెండ్లివారి యెదుట “దీనికి లడ్డు వేయకండి, ఇప్పటికే చాలు” అనుట, ఆడపిల్లయైనచో పెండ్లి మాట కూడ తెచ్చి ముడిపెట్టుట, ఇవి వైద్యము కావు. ఎగతాళి పడిన బిడ్డ సన్నబడదు. చాటుగా తినును, ఆటకు రానని మొండికెత్తును, అద్దమున కెదురు నిలువ వెరచును. బడిలో ఎత్తు, బరువు తూచిన నాడు ఆ అంకెను తరగతిలో నందరి యెదుట చదువు ఉపాధ్యాయుడు కనబడిన, ఆ కాగితమును మడచి ఇంటికి పంపుడని మర్యాదగా చెప్పు హక్కు తల్లికి కలదు. ఆ అంకెను కూడ పెద్దవారి కొలతతో చూడరాదు. వయస్సునుబట్టి, ఆడ మగ భేదమునుబట్టి వేరువేరు పట్టికలు కలవు. భారతీయ శిశువైద్యుల సంఘమువారు 2015లో ప్రకటించిన పట్టిక పిల్లల వైద్యునియొద్ద నుండును. ఇంటివద్ద చూచుకొనుటకు సులువైన గుర్తు నడుము చుట్టుకొలత. ఐదేండ్లు దాటిన వారికి అది ఎత్తులో సగమునకు లోపల నుండవలయును. గౌను కుట్టించుటకు కొలత తీసినట్లే తీసి, మాట తేక మనసులో నుంచుకొనుట మేలు.

బడియే అంతయు చక్కబెట్టునా? ఇంగ్లండులోని బర్మింగుహాము ప్రాంతమున 54 ప్రాథమిక పాఠశాలలలో ఐదారేండ్ల పిల్లలతో ఒక పరీక్ష జరిగినది. కొన్ని బడులలో ఒక యేడు దినమునకు 30 నిమిషములు అదనముగా ఆటలాడించి, తల్లిదండ్రులకు వంట నేర్పు తరగతులు పెట్టి, తక్కిన బడులతో పోల్చి చూచిరి. 2018లో ఫలితము ప్రకటింపగా ఇరువురి బరువులలో చెప్పుకోదగిన భేదము లేదు. ఒక యేటి బడిపని చుట్టుప్రక్కల అంగడులను, ఇంటి అలవాట్లను జయింపజాలకున్నదని పరిశోధకుల అభిప్రాయము. దీనిని చూచి బడులు చేయునది వ్యర్థమనుట తొందరపాటు. ఏలయన అమెరికాలో చిన్న తరగతుల పిల్లలను బహుకాలము గమనించినవారు 2007లో తెలిపినదేమనగా, పిల్లల బరువు బడి జరుగు మాసములలో కంటె వేసవి సెలవులలోనే వడిగా పెరుగుచున్నదట! గంట కొట్టిన లేచుట, గంట కొట్టిన తినుట, నడుమ మేయుటకు వీలులేకుండుట: ఈ నియమమే సగము మందు. మన వేసవి సెలవులలో పిల్లలు లేచునది ఎనిమిదింటికి, పండుకొనునది పండ్రెండింటికి. నడుమ చేతిలో ఫోను, ఒడిలో జంతికల డబ్బా.

స్కాట్లండులోని స్టర్లింగు పట్టణమున 2012లో ఒక ప్రధానోపాధ్యాయిని చేసిన పని మాకు మిక్కిలి నచ్చినది. ఆమె పేరు ఎలైన్ వైలీ. దినమునకు పదునైదు నిమిషములు తరగతి తరగతి బయటికి వచ్చి, తొడిగిన బట్టలతోనే, పరుగెత్తగలవారు పరుగెత్తుచు లేనివారు నడచుచు తిరుగుటయే ఆ పని. పందెము లేదు, గెలుపోటములు లేవు, లావుపిల్లల వరుస వేరు లేదు, పైస ఖర్చు లేదు. 2018లో ఆ బడిని వేరొక బడితో పోల్చి చూచినవారు ఈ పిల్లల ఒంటి కొవ్వు తగ్గినదనియు దమ్ము పెరిగినదనియు వ్రాసిరి. దీని పేరు డెయిలీ మైల్.

మన వైపున అది సాధ్యమా? మేము బడిపంతులుగారి యిల్లాలము. బడి లోగుట్టు కొంత తెలియును. కాలపట్టికలో ఆటల పీరియడు ఉండును. దసరా దాటగానే లెక్కల మాస్టారు అడిగి పుచ్చుకొందురు. సంక్రాంతి తరువాత అడుగకయే పుచ్చుకొందురు. మావారు లెక్కలవారే గనుక ఈ మాట మా యింట చర్చకు వచ్చుచునే యుండును. “సిలబస్ పూర్తి కాకపోతే నన్నడుగుతారు గాని, పిల్లలు పరుగెత్తలేదని ఎవరడుగుతారండీ?” అని వారి సమాధానము. ఆ ప్రశ్నలోనే చిక్కంతయు నున్నది. మేమెరిగిన యొక ప్రయివేటు పాఠశాలలో బిడ్డలాడుకొను స్థలము బస్సులు నిలుపు స్థలమైనది. తల్లిదండ్రుల సభలో మూడు గంటలు ర్యాంకుల మాటయే జరిగినది. ఆటస్థలమును గూర్చి అడిగినవారు ఇరువురు, ఇరువురును స్త్రీలే.

బడి గేటు వెలుపలి సంగతి కూడ తెలిసికొనదగినది. 2020లో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థవారు చేసిన నిబంధనలలో కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన పదార్థములను బడి ఆవరణలోను, గేటునుండి 50 మీటర్ల లోపలను అమ్మరాదని యున్నది. యాబది మీటర్లనగా పెద్దవారు నడచిన సుమారు డెబ్బది అడుగులు. ఒకనాడు పిల్లలను దింపి వచ్చుచు లెక్కించి చూడుడు. అయితే బండివానిని తరిమివేయుడని మేమనము, అతనికిని పిల్లలున్నారు. అతడే ఉడికిన మొక్కజొన్నకండెలు, జామపండ్లు, వేయించిన శెనగలు, సీజనులో తేగలు అమ్మిన కొనువారు మనమే కదా.

మన చేతిలో నున్నవాటిలో మొదటిది పుట్టినరోజు చాక్లెట్లు. తరగతిలో నలుబదిమంది పిల్లలుందురు. బడి నడుచు దినములు ఏటికి సుమారు 220. అనగా బడి వారమునకొక పుట్టినరోజు. ఈ వారము ఇచ్చినది రెండు చాక్లెట్లైన వచ్చు వారము మూడు. పిదప బిస్కట్టు పొట్లము, పిదప కేకు. ఒకరిని మించి ఒకరు! తరగతి తల్లులు నలుగురైదుగురు కలిసి, చాక్లెట్లకు మారుగా ఒక పుస్తకము తరగతి అలమరకు ఇత్తుమని పంతులమ్మగారితో చెప్పిన చాలును, వారు సంతోషముతో నొప్పుకొందురు. ఏడాది తిరుగునప్పటికి నలుబది పుస్తకములు.

ఇక డబ్బా. ప్రొద్దున ఏడు గంటలకు కుక్కరు కూయుచుండగా, పాలు పొంగుచుండగా, కొత్త వంటలు చేయుడని చెప్పు వ్రాతలు చదివి మాకే విసుగు పుట్టును. కొత్తవి అక్కరలేదు. రాత్రి నానవేసిన పెసలతో పెసరట్టు. కూరముక్కలు వేసిన ఉప్మా. పప్పుకూర కలిపిన అన్నము. మిగిలినచోట నిమ్మకాయ పిండిన గుగ్గిళ్లు. సాయంకాలము బడినుండి వచ్చిన బిడ్డ ఆకలికి ముందు మజ్జిగయో మంచినీళ్లో ఇచ్చి, పదినిమిషములు తాళి పల్లీలు, జామముక్కలు ఇండు. సున్నుండలు మానుడని మేమనము. అది మినపపిండి, నేయి గల మంచి పదార్థము. ఒకటి పెట్టి డబ్బా పై అలమరలో నుంచుడు. చిన్నికృష్ణుడు వెన్న తిన్నాడు గాని, పగలెల్ల దూడల వెంబడి యమునాతీరమున తిరిగినాడు కూడ. మన కృష్ణుడు వెన్న తిని సోఫాలో కూర్చుండును, తేడా అక్కడ.

ప్రపంచారోగ్యసంస్థవారు బడియీడు పిల్లలకు దినమునకు 60 నిమిషములు ఒళ్లు కదలు ఆట కావలయునందురు. తొక్కుడుబిళ్ల, చెడుగుడు, ఏడుపెంకులాట, దాగుడుమూతలు ఇవి వచ్చిన పిల్లలు ఎందరున్నారు? అపార్టుమెంటు మేడమీదనైన, క్రింది వసారాలోనైన సాయంకాలము ఆరింట ఐదారుగురు పిల్లలను చేర్చి, వంతుల ప్రకారము ఒక తల్లి కాపలా కూర్చుండిన ఈ యరువది నిమిషములు దొరకును. ఆడపిల్లలను “పెద్దదైంది” అని పదునొకండవ యేట లోనికి పిలుచుట మాత్రము మానవలయును. ఆ యీడుననే వారికి ఆట మిక్కిలి అవసరము.

వచ్చు మాసము తల్లిదండ్రుల సభలు జరుగు కాలము. ఈ లోపల మీ పిల్లల కాలపట్టిక తీసి, ఆటల పీరియడు వారమునకెన్ని సారులున్నదో, గడచిన నెలలో నిజముగా ఎన్ని సారులు జరిగినదో పిల్లలనే యడిగి వ్రాసికొనుడు. మీ బడిలో చక్కెర పలక కట్టిరా, కట్టిన ఎచట కట్టిరి యనునది కూడ. బడి పేరు, పిల్లల పేరు వ్రాయనక్కరలేదు. ఊరు, తరగతి, రెండంకెలు మాత్రము మాకు పంపుడు. వచ్చినవానిని ఈ శీర్షికలోనే ప్రకటించెదము.